బొమ్మ కప్పులోంచి ఒలకని నీళ్లు

బల్ల మీద రెండు టీ కప్పులు. ఒకటి ఇంట్లో రోజూ వాడేలాంటిది. రెండోది బొమ్మరింటి సామానులోది, గోరంత ఉంటుంది. రెంటినీ నీళ్లలో ముంచి బోర్లించమంటాడు మ్యూజియం వాలంటీరు. పెద్ద కప్పులో నీళ్లు భళ్లున కారిపోతాయి. చిన్నదాంట్లోవి కదలవు. పిల్లవాడు దాన్ని ఊపుతాడు, విదిలిస్తాడు, జిగురేమైనా పూశారేమోనని వేలు పెట్టి చూస్తాడు. వెనక నిలబడ్డ వాళ్లమ్మ కూడా ఉండబట్టలేక చెయ్యి చాస్తుంది.

ఇందులో గారడీ ఏమీ లేదు. నీటిని కిందికి లాగేది గురుత్వాకర్షణ, కప్పు అంచుకు పట్టి ఉంచేది తలతన్యత. కప్పు కొలతలన్నీ పదో వంతుకు తగ్గితే అందులో పట్టే నీటి బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది. అంచు దగ్గర నీటిని పట్టి ఉంచే బలం మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. అందుకే బొమ్మ కప్పు దగ్గర భూమి లాగినా నీళ్లు రావు.

అమెరికా మ్యూజియంలలో నానోటెక్నాలజీని పరిచయం చేయడానికి వాడే ప్రయోగాల్లో ఇదొకటి. నిజానికి ఆ కప్పుకీ నానోకీ చుట్టరికం లేదు. నానోమీటరంటే మీటరులో 100 కోట్లవ వంతు. సెంటీమీటరు కప్పు కూడా ఆ లెక్కన కోటి నానోమీటర్లు. అయినా చెప్పాల్సిన అసలు మాట అదే చెప్పేస్తుంది: చిన్నదైతే వస్తువు నడవడే మారిపోతుంది. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులుగా నీళ్లలో కలిపితే పసుపు పోయి కెంపు రంగు వస్తుంది. కప్పు దగ్గర ఆశ్చర్యపోయినవాడికి ఈ సంగతి చెబితే నమ్ముతాడు. ముందే చెబితే తలాడించి వెళ్లిపోతాడు.

మ్యూజియంలకు నానో పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. రాక్షసబల్లి ఎముకలు నిలబెట్టవచ్చు, రాకెట్టు వేలాడదీయవచ్చు. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ అందనిదాన్ని అద్దాల పెట్టెలో ఎలా పెట్టాలి? అణువుల ఫొటోలు గోడకు అంటించడం సులువే. కానీ ఆ నీలాలూ నారింజలూ కంప్యూటరు పూసినవి. చూసినవాళ్లు అణువులకు నిజంగానే ఆ రంగులున్నాయనుకుని వెళ్లే ప్రమాదం ఉంది.

అంత తంటాలు పడటానికి కారణం డబ్బూ భయమూ రెండూ. పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చవచ్చునని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1959లో కాల్టెక్ వేదిక మీద ఊహించాడు. అదే కాల్టెక్‌లో 2000 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ జాతీయ నానోటెక్నాలజీ కార్యక్రమాన్ని ప్రకటించాడు. ప్రజల సొమ్ము దండిగా పారడం మొదలైంది. అప్పటికే యూరప్‌లో జన్యుమార్పిడి పంటల మీద జనం తిరగబడి ఉన్నారు. తమకు తెలియకుండా తమ పళ్లెంలోకి ఏదో వచ్చిందన్నది వాళ్ల కోపం. 2002లో మైకేల్ క్రైటన్ తన నవల ‘ప్రే’లో మనుషుల మీద పడే నానో రోబోల దండును సృష్టించి ఉన్న భయానికి ఇంకొంచెం ఆజ్యం పోశాడు. 2003 చివర్లో వచ్చిన అమెరికా నానో చట్టం, పరిశోధనతో పాటు ప్రజల అభిప్రాయమూ తీసుకోవాలని చెప్పింది. అడిగితే జనం దగ్గర చెప్పడానికి ఏముందనేది వేరే కథ. 2006 నాటి సర్వేలో పది మందిలో సుమారు ఏడుగురు నానోటెక్నాలజీ గురించి విన్నది చాలా తక్కువనో, అసలేమీ లేదనో చెప్పారు.

2005లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నానో గురించి జనానికి చెప్పే పని కోసం ఐదేళ్లకు 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్, మినెసోటా సైన్స్ మ్యూజియం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం ముందుండి, ‘నైస్ నెట్‌వర్క్’ పేరుతో మ్యూజియంలనూ విశ్వవిద్యాలయాలనూ జత చేశాయి. 2008 వసంతంలో తొలి ‘నానోడేస్’ వేడుకలు జరిగాయి. (అదే ఏడాది మన దేశంలో నానో అంటే రతన్ టాటా చూపించిన లక్ష రూపాయల కారు. ఆ మాట వింటే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ బుజ్జి బండే.)

నానోడేస్‌లో తెలివంతా పెట్టెలో ఉంది. పాల్గొనే మ్యూజియానికి ఒక పెట్టె ఉచితంగా వచ్చేది. ప్రయోగాల సామాను, పోస్టర్లు, వాలంటీరు ఏం చెప్పాలో రాసిన కాగితాలు అన్నీ అందులోనే. పక్క ఊరి విశ్వవిద్యాలయం నుంచి పరిశోధక విద్యార్థులు వచ్చి బల్లల వెనక నిలబడేవారు. క్రమంగా ఇలాంటి పెట్టెలు ఏటా 200కు పైగా చోట్లకు వెళ్లాయి. పెద్ద నగరాల మ్యూజియంలకే పరిమితమయ్యే పని చిన్న ఊళ్ల పిల్లల మ్యూజియందాకా పోయింది.

పెట్టెలోంచి వచ్చేవన్నీ వంటింటి వస్తువుల్లా ఉంటాయి. బుసబుస పొంగే మందుబిళ్ల ఒకటి గ్లాసులో అలాగే వేస్తారు, ఇంకోటి నలిపి వేస్తారు. నలిపింది ముందు పొంగి ముందు చల్లారుతుంది. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ నీటికి తగిలే ఉపరితలం పెరుగుతుంది కదా. మెత్తటి ఉప్పు, కల్లుప్పు వాడిన ఏ చేతికైనా ఇది తెలిసిన సంగతే, పేరు పెట్టలేదంతే. ఇంకో బల్ల దగ్గర నీలి మార్ఫో సీతాకోకచిలుక. దాని రెక్కను వెలుతురుకు అడ్డం పెడితే నీలం మాయమై గోధుమ రంగు మిగులుతుంది. ఆ నీలం రంగు పదార్థం కాదు, రెక్క పొలుసుల మీది నానో నిర్మాణాలు కాంతిని వెనక్కి పంపే తీరు. మన నెమలి పింఛం మెరుపుదీ ఇదే రహస్యం. మరక అంటని బట్ట మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. ‘తామరాకు మీద నీటిబొట్టు’ అని సామెతగా వాడుకునే మనకు ఆ దృశ్యం కొత్తేమీ కాదు. ఆకు మీది మైనపు నూగు వల్ల బొట్టు అంటుకోదని జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ వివరించాకే దానికి తామర ప్రభావమన్న పేరు స్థిరపడింది.

జర్మనీలో మరో దారి పట్టారు. మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియం ప్రయోగశాలనే తెచ్చి సందర్శకుల మధ్య పెట్టింది. పరిశోధక విద్యార్థులు అక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని తమ అసలు పని చేసుకుంటారు. దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు. మ్యూజియం అధిపతిగా చాలాకాలం ఉన్న వోల్ఫ్‌గాంగ్ హెక్ల్ స్వయంగా నానో శాస్త్రవేత్త. ప్రదర్శన కన్నా ఇదే నిజాయితీ గల పద్ధతేమో. పరికరం మొరాయించడం, గంటల తరబడి ఏమీ తేలకపోవడం కూడా సైన్సులో భాగమని అక్కడ దాచడానికి వీలుండదు.

ఆశ్చర్యపరచడం దాకా బాగానే ఉంది. తరువాత? సన్‌స్క్రీన్ బల్లే చూడండి. నల్ల కాగితం మీద మామూలు జింక్ ఆక్సైడ్ లేపనం రాస్తే సున్నం కొట్టినట్టుంటుంది. నానో రేణువులది రాస్తే కనిపించనే కనిపించదు. ‘భలే’ అంటారు అందరూ. ఆ కనిపించని రేణువులు కడిగాక ఎక్కడికి పోతాయని అడిగేవాళ్లు తక్కువ. నైస్ నెట్‌వర్క్‌కు ఈ లోటు తెలుసు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలోని సామాజిక పరిశోధకులతో కలిసి వేరే రకం ఆటలు తయారు చేసింది. ఒకదాంట్లో రాబోయే నానో పరిజ్ఞానాల కార్డులిచ్చి, ఏది ముందు రావాలో వరసగా పేర్చమంటారు. తరువాత ఇంకొకరి కళ్లతో చూసి మళ్లీ పేర్చమంటారు. ఒకే కుటుంబంలో తండ్రి వరస, కూతురి వరస వేరవుతాయి. మాట మొదలవుతుంది. 400 చదరపు అడుగుల్లో పట్టే ‘నానో’ అనే చిన్న ప్రదర్శన 90కి పైగా ప్రతులుగా అమెరికా అంతా వెళ్లింది. అందులోనూ ఊగిసలాడే బల్ల మీద అందరూ కలిసి దిమ్మెలు పేర్చాలి. ఒకరు తొందరపడితే అంతా దొర్లిపోతుంది.

ఇంత చేసినా, ఆలోచింపజేసే ఈ రెండో పని ఆశ్చర్యపరిచే మొదటిదంత బాగా కుదిరిందని చెప్పలేం. ఆదివారం పూట పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చిన కుటుంబం ఒక బల్ల దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే. పైగా నానో పరిశోధనకు డబ్బు పెట్టే ప్రభుత్వమే ఈ ప్రదర్శనకూ పెడుతుంటే, వద్దనే మాట గట్టిగా వినిపిస్తుందా అన్న అనుమానం సహజం.

ఆ కార్డుల బల్ల ఇప్పుడు మన పల్లెల్లో ఉంటే బాగుండేది. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో నానో యూరియా సీసాలు అమ్మకానికి పెట్టింది. అర లీటరు సీసా ఒక యూరియా బస్తాకు సాటి అన్నారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించి, అది వాడినప్పుడు వరి, గోధుమ దిగుబడి పడిపోయిందని చెప్పింది. ఇఫ్కో ఒప్పుకోలేదు. ఎరువుల కొట్టు ముందు నిలబడ్డ రైతుకు ఆ రేణువు ఆకులోకి ఎలా పోతుందో, ఎంత నత్రజని ఇస్తుందో విడమరచి చెప్పేవారు లేరు. అర లీటరులో బస్తా ఎలా పడుతుందన్నది అతని ప్రశ్న. బొమ్మ కప్పు ముందు పిల్లవాడికి వచ్చే ప్రశ్న కన్నా అది తక్కువదేమీ కాదు.

నానోడేస్ వేడుకలు 2015తో ముగిశాయి. నెట్‌వర్క్ మిగిలింది. తరువాత అంతరిక్షం, రసాయన శాస్త్రం లాంటి విషయాల పెట్టెలు పంపింది. పేరులో ‘నానోస్కేల్’ ఉన్నచోట ‘నేషనల్’ చేరింది. ఇంగ్లీషులో రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ‘నైస్’ అన్న పొట్టి పేరు మార్చాల్సిన పని పడలేదు.