పొగగొట్టం నుంచి కరెంటు!

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గంటసేపు పనిచేస్తే కాళ్లు చురుక్కుమంటాయి కదా! ఆ వేడితోనే కరెంటు తీస్తే ఇక చార్జర్‌తో పనేముంది అని బీటెక్ రోజుల్లో తెగ ఆలోచించేవాణ్ని. అది కుదరదు. కానీ ఫ్యాక్టరీల్లో మాత్రం భేషుగ్గా కుదురుతోంది.

ఉదాహరణకి మన విశాఖ ఉక్కు కర్మాగారమే తీసుకోండి. అక్కడ బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్ తయారుచేస్తారు. ఓవెన్ నుంచి బయటికొచ్చేటప్పుడు అది సుమారు 1,000 డిగ్రీల వేడితో ఎర్రగా మెరుస్తుంటుంది. దాన్ని నీళ్లు కొట్టి చల్లార్చడం పాత పద్ధతి. అలా చేస్తే వేడంతా ఆవిరై ఆకాశం పాలే. విశాఖలో నీళ్లకు బదులు నైట్రోజన్ వాయువును పంపిస్తారు. గాలి పంపితే కోక్ అంటుకుంటుంది మరి! కోక్ వేడిని తీసుకున్న నైట్రోజన్ బాయిలర్‌లో నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. చల్లబడిన నైట్రోజన్ మళ్లీ కోక్ దగ్గరికే వెళ్తుంది.

సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ ఇదే కథ. కొలిమిలో సున్నపురాయి సుమారు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. బయటికొచ్చే వాయువులు 300 డిగ్రీల పైమాటే. వాటిని పట్టుకుంటే ఫ్యాక్టరీకి కావాల్సిన కరెంటులో 20 నుంచి 30 శాతం దాకా తీయొచ్చు. దానికోసం అదనంగా బొగ్గు కాల్చక్కర్లేదు.

మరి ల్యాప్‌టాప్ సంగతేంటి? మార్కుల కోసం బట్టీపట్టిన కార్నో సూత్రం గుర్తుందా? బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు, 300 డిగ్రీల వేడిలో 47 శాతాన్ని మించి పనిగా మార్చడం ఎవరి తరమూ కాదు. ఆచరణలో అందులో సగం దక్కినా గొప్పే. అదే 60 డిగ్రీల వేడైతే పరిమితి 9 శాతమే! నీటికన్నా తొందరగా మరిగే పెంటేన్ లాంటి ద్రవాలు వాడి తక్కువ వేడినీ పట్టొచ్చు. కానీ ఆ పరిమితిని మాత్రం దాటలేం.

ఇంకో చిక్కు ఖర్చు. సిమెంటు పొగలో దుమ్ము ఎక్కువ, బాయిలర్ గొట్టాలకు పేరుకుపోతుంది. దాన్ని దులుపుతూనే ఉండాలి. అందుకే అసలు వేడి వృథా కాకుండా చూసుకోవడం మొదటి పని, మిగిలినదాన్ని పట్టుకోవడం రెండోది.

ఈసారి ఎవరైనా ‘వేడి నుంచి ఫ్రీ కరెంటు’ అని రీల్ పంపిస్తే ఒక్కటే అడగండి: ‘ఎన్ని డిగ్రీలు?’