మేకు చాలు, సీసం వద్దు

పైపులో పొగాకు నింపి అగ్గిపుల్ల గీస్తే, పైనున్న ఆకు వేడికి మెలికలు తిరిగి గిన్నె అంచు దాకా ఉబుకుతుంది. దాన్ని మెల్లగా అదిమి రెండోసారి అంటిస్తే గానీ నిప్పు నిలవదు. అలా అదమడానికి వాడేదే ట్యాంపర్. ఇంత చిన్న వస్తువు చుట్టూ అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: దుకాణంలో కొన్నదైతేనే పని జరుగుతుంది.

పైపు గిన్నె లోపలి వెడల్పు సాధారణంగా 18 నుంచి 22 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నగా, కొస చదునుగా, నిప్పు తగిలినా కరగకుండా ఉన్నదేదైనా ట్యాంపరే. పెద్ద మేకు తల, బోల్టు, గుండ్రటి కర్రముక్క ఏదైనా సరే. అందరూ కొనే ‘చెక్ టూల్’ అనే చవక పనిముట్టులో ఉన్నవీ మూడే: అదిమే బిళ్ల, కెలికే ఊచ, గీకే చిన్న గరిటె. మేకుతో ఒక్కటే జాగ్రత్త. మొన వైపు తిప్పి గిన్నె అడుగు దాకా పొడిస్తే కొయ్యకు గుంట పడుతుంది.

అపోహ: దొరికినదానితో సరిపెట్టుకోవడం పిసినారితనం.

చరిత్ర తెలిస్తే ఈ మాట అనలేం. 17వ శతాబ్దపు ఇంగ్లండులో పొగాకు ఖరీదు కాబట్టి మట్టి పైపుల గిన్నెలు చాలా చిన్నవి. వేలు దూరదు, దూరినా కాలుతుంది. అందుకని ఇత్తడితో, ఎముకతో, కొయ్యతో ట్యాంపర్లు చేసుకున్నారు. ఉంగరంలా వేలికి తొడుక్కునేవీ ఉండేవి. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ బాస్కోబెల్ దగ్గర ఓక్ చెట్టెక్కి దాక్కుంటే, ఆయన మళ్లీ రాజయ్యాక ఆ చెట్టు కొయ్యకూ గిరాకీ వచ్చింది, దాంతోనూ ట్యాంపర్లు చెక్కారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ నాటాడని చెప్పుకునే మల్బరీ చెట్టును 1750ల్లో అది ఉన్న ఇంటి యజమాని, చూడవచ్చే జనంతో విసిగిపోయి నరికించాడు. ఆ కొయ్య కొన్న థామస్ షార్ప్ జ్ఞాపికలు చేసి ఏళ్ల తరబడి అమ్మాడు, వాటిలో ట్యాంపర్లూ ఉన్నాయి. ఒక్క చెట్టుకు ఇంత కొయ్య ఎక్కడిదని జనం అనుమానించారు. 1799లో ఆయన అది అసలు చెట్టుదేనని ప్రమాణపత్రం రాసిచ్చాడు. అంతకు ముందే, 1712లో, రచయిత జోసెఫ్ అడిసన్ తన స్పెక్టేటర్ పత్రికలో ఈ పిచ్చిని ఆటపట్టించాడు. ఆయన పాత్ర సర్ రోజర్ వెస్ట్‌మినిస్టర్ అబీలో రెండు పట్టాభిషేక సింహాసనాలను చూసి, తన మిత్రుడి కంటపడితే వీటిలో ఒకదాన్నుంచి కూడా ఓ ట్యాంపర్ చెక్కుకుపోతాడంటాడు.

అపోహ: గట్టిగా అదిమితే చక్కగా కాలుతుంది.

గాలి ఆడక ఆరిపోతుంది. ట్యాంపర్ తన బరువుతో తాను నుసి మీద కూర్చుంటే చాలు. నిప్పుకూ కాలని ఆకుకూ మధ్య ఖాళీ పోవడమే కావలసింది.

అపోహ: జింకు పూత మేకు వాడితే విషపు పొగ లేస్తుంది.

జింకు మరిగి ఆవిరవ్వాలంటే 907 డిగ్రీల సెల్సియస్ కావాలి. నుసి మీద క్షణంసేపు ఆనిన మేకు అంత వేడెక్కదు. అయినా పూత పెచ్చులూడవచ్చు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. నిజంగా భయపడాల్సింది సీసానికి. బరువు కోసం కొసలో సీసం పోస్తే బాగుంటుందని కొందరి సలహా. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, పైపులోని నిప్పు అంతకు మించిన వేడి. పేల్చిన తూటా గుల్లలతో చేసిన ట్యాంపర్లకు విదేశాల్లో మోజు ఎక్కువ. మందు పేలిన వేడికి గుల్ల శుభ్రమైపోతుందనుకుంటారు. కానీ చాలా తూటాల ప్రైమర్‌లో సీసపు సమ్మేళనం ఉంటుంది, దాని మసి గుల్ల లోపలే అంటుకుని ఉంటుంది. గుల్లను పట్టుకున్న చేత్తోనే పైపు నోట్లో పెట్టుకుంటాం.

అపోహ: పొగ మింగం కాబట్టి పైపుతో ప్రమాదం లేదు.

నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు: అన్నిటి క్యాన్సర్‌కూ పైపుతో సంబంధం రుజువైంది. ట్యాంపర్ ఎంత ముచ్చటగా ఉన్నా ఇందులో మార్పు లేదు.

అపోహ: కర్ర ట్యాంపర్ అంటుకుంటుంది.

కొస నల్లబడుతుంది, అంతే. రాచేసి మళ్లీ వాడుకోవచ్చు. కానీ ఏటికొప్పాక లక్కబొమ్మ కాలు నున్నగా ఉంది కదా అని వాడితే, ఆ లక్క వేడికి మెత్తబడి పొగాకుకు అతుక్కుంటుంది. లక్క పూయని కర్రే తీసుకోవాలి.

అపోహ: అడవిలో రాలిన జింక కొమ్ము ఎవరి సొత్తూ కాదు.

అమెరికాలో, ఐరోపాలో దుప్పి కొమ్ముల ట్యాంపర్లు మామూలు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొమ్మును కూడా జంతు అవశేషంగానే చూస్తుంది. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే నేరం, అమ్మడమూ నేరమే. కొమ్ము మీద మనసైతే గేదె కొమ్ము తెచ్చుకోవచ్చు. అయితే జింక కొమ్ము ఎముక, గేదె కొమ్ము పైతొడుగు మన గోళ్ల జాతిది, నిప్పు తగిలితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. దాన్ని పిడికే ఉంచి, కొసకు ఇత్తడి బిళ్ల బిగించుకోవాలి.