పెరటి మడికి ఎరువు లెక్క

పెరట్లో వంగ మొక్క నడుమెత్తు పెరిగి ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది. పూత మాత్రం లేదు. చాలా ఇళ్లలో అప్పుడు చేసేది దాని మొదట్లో ఇంకో గుప్పెడు యూరియా చల్లడం. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకునే పెంచుతుంది, పూత వెనకబడుతుంది, లేత చిగుళ్లకు పేనుబంక పడుతుంది. పొలంలో రైతు ఎకరానికి ఇన్ని బస్తాలని లెక్క కట్టి వేస్తాడు. ఇంటి తోటకు గుప్పెడే కొలత. మన పెరటి మొక్కలు ఆకలితో కన్నా అజీర్తితోనే ఎక్కువ చెడుతున్నాయని నా గట్టి నమ్మకం.

పుదుచ్చేరిలో నటేశన్ నగర్ లాంటి పట్టణ కాలనీల్లో తోటంటే ఇంటి వెనక కాస్త జాగా, పైన మిద్దె. యానాం నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకు గోదావరి ఒండ్రు నేల అలవాటు. ఇక్కడి నేల వేరు: సముద్రం వైపు ఇసుక, గోరిమేడు వైపు ఎర్రమట్టి. ఇసుక పాలు ఎక్కువైన నేల పోషకాలను పట్టి ఉంచలేదు. అందుకే ఈ ఊళ్లో ఎంత వేశామన్నదే కాదు, ఎప్పుడు వేశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మన దేశంలో రసాయన ఎరువుల తయారీ మొదలైంది కూడా ఈ చుట్టుపక్కలే. 1906లో రాణిపేటలో సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడు ఏ బస్తా తీసుకున్నా దాని మీద మూడు అంకెలు కనిపిస్తాయి. అవి వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. డీఏపీ 18-46-0 అంటే 100 గ్రాముల్లో 18 గ్రాముల నత్రజని, 46 గ్రాముల భాస్వరం ఉన్నట్టు. యూరియాలో 46 శాతం నత్రజని ఒక్కటే. ఎర్ర పొటాష్‌లో 60 శాతం పొటాష్. భాస్వరం, పొటాష్ అంకెలు ఆక్సైడు రూపంలో చెప్పినవి. సిఫార్సులూ అదే రూపంలో ఉంటాయి కాబట్టి మార్చుకునే పని లేదు.

ఇక లెక్క. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. హెక్టారుకు కిలోల్లో చెప్పిన మోతాదును 10తో భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వచ్చేస్తుంది. వంగ రకాలకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు హెక్టారుకు 25 టన్నుల పశువుల ఎరువు, 100 కిలోల నత్రజని, 50 భాస్వరం, 30 పొటాష్. అంటే చదరపు మీటరుకు రెండున్నర కిలోల పశువుల ఎరువు, 10, 5, 3 గ్రాముల పోషకాలు.

మీ మడి పది అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు అనుకుందాం. సుమారు 12 చదరపు మీటర్లు. దానికి కావలసింది 30 కిలోల చివికిన పశువుల ఎరువు, 120 గ్రాముల నత్రజని, 60 భాస్వరం, 36 పొటాష్. మొదట భాస్వరం లెక్క తేల్చాలి, ఎందుకంటే డీఏపీతో పాటు కొంత నత్రజని కూడా వస్తుంది. 60ని 0.46తో భాగిస్తే 130 గ్రాముల డీఏపీ. అందులో 23 గ్రాముల నత్రజని ఉంది. మిగిలిన 97 గ్రాములకు 210 గ్రాముల యూరియా, పొటాష్‌కు 60 గ్రాముల ఎర్ర పొటాష్ చాలు.

ఇదంతా ఒక్కసారి వేయకూడదు. డీఏపీ, పొటాష్, 80 గ్రాముల యూరియా నాటే ముందు మట్టిలో కలపాలి. మిగిలిన 130 గ్రాముల యూరియా నెల తర్వాత పైపాటుగా వేయాలి. రెండడుగుల ఎడంతో నాటితే ఆ మడిలో 32 మొక్కలు పడతాయి. అప్పుడు పైపాటులో ఒక్కో మొక్కకు వచ్చే యూరియా 4 గ్రాములు, దాదాపు ఒక చిన్న చెంచాడు. గుప్పెడు ఎంత ఎక్కువో చూడండి.

పుదుచ్చేరిలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య కురుస్తుంది. ముసురు పట్టే ముందు యూరియా చల్లితే అది నైట్రేటుగా మారి ఇసుకలోంచి భూగర్భ జలంలోకి దిగిపోతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పక్కింటి బోరూ అదే నీటిని తోడుకుంటుందని మరవకండి. వాన తెరిపి ఇచ్చాక, తడి నేలలో, కొంచెం కొంచెంగా వేయడమే మేలు. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట ఎర్ర పొటాష్ కూడా తగ్గించాలి, అందులో క్లోరైడు ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడుకోవచ్చు.

మిద్దె మీది కుండీలకు విస్తీర్ణం లెక్క పనికిరాదు. నీటిలో కరిగే 19-19-19 ఒక గ్రాము లీటరు నీటిలో కలిపితే ఒక్కో పోషకం 190 మిల్లీగ్రాములు అందుతుంది. అంతకు మించి చిక్కగా పోస్తే కుండీలో లవణాలు పేరుకుని ఆకు అంచులు మాడతాయి.

వర్మీ కంపోస్ట్ ఎంత వేసినా ఫరవాలేదనుకునేవాళ్లకు ఒక మాట. ఏళ్ల తరబడి దట్టంగా వేస్తే నేలలో భాస్వరం పేరుకుపోతుంది, జింకు, ఇనుము మొక్కకు సరిగా అందవు. అందుకే మట్టి పరీక్ష చేయించాలి. కురుంబపేటలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. మడిలో నాలుగైదు చోట్ల జానెడు లోతు దాకా మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇస్తే సరిపోతుంది. ఈమధ్యే ఎరువు వేసిన పాదులోంచి మాత్రం నమూనా తీయకండి.