ఫోల్డర్ పేరు మారితే సర్వర్‌కు తెలిసేదెలా?

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోటకు చిరునామా రెండుసార్లు మారింది. 2002 సెప్టెంబరు 5న అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రమైన షార్‌కు సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఆ దీవి నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ప్రయోగ వేదికలు మాత్రం అంగుళం కూడా కదల్లేదు. మొదటిది పేరుమార్పు, రెండోది తరలింపు. లైనక్స్ కంప్యూటర్‌లో ఫోల్డర్లకైతే ఈ రెండూ ఒకే ఆదేశంతో జరిగిపోతాయి.

రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మేడెక్కి వీడియో తీసే ఒక ఇంటిని ఊహించుకుందాం. చంద్రయాన్-1 నుంచి చంద్రయాన్-3 దాకా అన్నీ పాత కంప్యూటర్‌లో దాచి, జెల్లీఫిన్ అనే ఉచిత మీడియా సర్వర్ ద్వారా టీవీలో చూస్తుంటారు. ఒకరోజు ‘నెల్లూరు’ ఫోల్డర్‌లోని ‘షార్’ను ‘తిరుపతి’లోకి జరిపారు. ఏది ఎక్కడిదాకా చూశారో చెప్పే గుర్తులు మాయమయ్యే ప్రమాదం వచ్చిపడింది! డిస్కులో ఒక్క వీడియో కూడా చెదరలేదు మరి.

ఇలాంటి మార్పులను సర్వర్‌కు చెప్పేందుకు ఫోల్డర్లకు కాపలా కాసే పనిని లైనక్స్‌లో మొదట డీనోటిఫై చూసేది. ఫోల్డర్‌లో ఏదో మారిందని చెప్పేదే తప్ప ఏం మారిందో చెప్పేది కాదు. పైగా కాపలా ఉన్నంతసేపూ ఫోల్డర్‌ను తెరిచే ఉంచాలి కాబట్టి పెన్‌డ్రైవ్‌ను సవ్యంగా తీయనిచ్చేది కాదు. దాని స్థానంలో జాన్ మెక్‌కచన్, రాబర్ట్ లవ్ రాసిన ఐనోటిఫై 2005 ఆగస్టులో లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ 2.6.13 వెర్షన్‌తో వచ్చింది.

ఐనోటిఫై పేరును కాక ఐనోడ్‌ను పట్టుకుంటుంది. డిస్కులో ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ ఉండే సంఖ్య అది. అదే డిస్కు విభాగంలో ఉన్నంతవరకు పేరు మారినా, చోటు మారినా ఐనోడ్ మారదు. ఫోల్డర్ జరగగానే రెండు కబుర్లు వస్తాయి: పాత చోటు నుంచి వెళ్లిందని ఒకటి, కొత్త చోటికి వచ్చిందని ఇంకొకటి. రెండూ ఒకే ఘటన అని తెలియడానికి రెండింటిమీదా ఒకే కుకీ సంఖ్య ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. రెండు కబుర్లూ వెంటవెంటనే వస్తాయన్న హామీ లేదు. కాపలా లేని చోటికి జరిపితే రెండోది అసలు రాదు. కాబట్టి మొదటిది అందాక ప్రోగ్రాం కాసేపు ఆగి చూడాలి: ఎక్కువ ఆగితే ఆలస్యం, తక్కువ ఆగితే పేరుమార్పును తొలగింపనుకునే పొరపాటు. లోపల వంద వీడియోలున్నా వాటి గురించి ఒక్క కబురూ రాదు, అవి తమ ఫోల్డర్‌లోనే ఉన్నాయి కదా! వాటి చిరునామాలైన పాత దారులన్నీ ప్రోగ్రామే సరిదిద్దుకోవాలి. ఉపఫోల్డర్ ఒక్కొక్కదానికీ వేరే కాపలా పెట్టాలి. చాలాకాలం ఒక వాడుకరికి 8192 కాపలాలే మామూలు పరిమితి. ఇక నెట్‌వర్క్ డిస్కులో ఇంకో కంప్యూటర్ నుంచి చేసిన మార్పు ఐనోటిఫైకి తెలియనే తెలియదు.

కెర్నెల్‌ది తప్పనలేం. ఎంబీ అనే మరో మీడియా సర్వర్ నుంచి 2018 డిసెంబరులో విడిపోయి పుట్టిన జెల్లీఫిన్, వీడియోకిచ్చే గుర్తింపును దాని దారి నుంచే లెక్కగడుతుంది. దారి మారితే గుర్తింపూ కొత్తదే. సినిమాలకు ఐఎండీబీ వంటి సినిమా వివరాల సైట్లు ఇచ్చే సంఖ్యలు ఆసరా అవుతాయి గనుక చూసిన గుర్తులు తరచూ నిలుస్తాయి. మేడ మీద తీసిన రాకెట్ వీడియోకు ఐఎండీబీ సంఖ్య ఎవరిస్తారు? ఇంటి వీడియోలకే ఎక్కువ నష్టం జరగడం అన్యాయమే.

2022లో వచ్చిన 5.17 కెర్నెల్‌లో ఫానోటిఫై అనే మరో కాపలాకు కొత్త శక్తి ఇచ్చారు. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే కబురులో అందుతాయి, జతకలిపే తంటా లేదు. మొత్తం డిస్కు విభాగానికి ఒకే కాపలా కూడా పెట్టుకోవచ్చు, కానీ దానికి నిర్వాహకుడి స్థాయి అధికారం కావాలి. సినిమాలు చూపించే ప్రోగ్రాంకు అంత అధికారం ఇవ్వడానికి జాగ్రత్తపరులెవరూ ఒప్పుకోరు.