బరువు తగ్గినా... గురి తప్పకూడదు!

కొండలెక్కి జింకలను వేటాడేవాళ్లకు భుజాన ఉన్న తుపాకీ అడుగడుక్కీ బరువే. అందుకే తేలికపాటి రైఫిళ్లంటే అమెరికా వేటగాళ్లకు అంత మోజు. కానీ, మోయడానికి సుఖంగా ఉన్నది పేల్చడానికీ సుఖంగా ఉంటుందా?

నవంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు... పెన్సిల్వేనియా పల్లెల్లో ఒకటే సందడి. థాంక్స్‌గివింగ్ పండగ అవగానే తుపాకీతో జింకల వేటకు సీజన్ మొదలవుతుంది. ఎన్నో ఏళ్లపాటు అది సోమవారం మొదలయ్యేది. ఆరోజు చాలాచోట్ల బడులకు సెలవే! 2019 నుంచి శనివారానికి మారింది. లైసెన్సు తీసుకుని, తోటి వేటగాళ్లకు దూరం నుంచే కనిపించేలా నారింజరంగు కోటు తొడుక్కుని తాతలూ మనవలూ కలిసి అడవిబాట పడతారు.

మనదేశంలో ఆ మాటే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. అక్కడి లెక్క వేరు. విచ్చలవిడి వేటతో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సుమారు 5 లక్షలకు పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడు 3 కోట్ల దాకా ఉంటాయని అంచనా. కార్లకు అడ్డం పడతాయి, పంటలు మేసేస్తాయి. న్యూజెర్సీలో స్థిరపడ్డ మనవాళ్ల పెరటి మొక్కల్నీ వదలవు. అందుకే ఎప్పుడు, ఎన్నింటిని వేటాడొచ్చో రాష్ట్ర ప్రభుత్వాలే నిర్ణయిస్తాయి. తుపాకులూ తూటాల మీద వచ్చే ప్రత్యేక పన్నును వన్యప్రాణుల సంరక్షణకే కేటాయిస్తూ 1937లో చట్టం కూడా చేశారు. రైఫిళ్ల మీద అది 11 శాతం.

తలుపు గడియ లాంటిదే!

ఈ వేటలో ఎక్కువగా కనిపించేది బోల్ట్ యాక్షన్ రైఫిల్. బోల్ట్ అంటే గడియ. దాని పిడిని పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయటపడుతుంది. ముందుకు నెట్టి కిందికి వంచితే కొత్త తూటా లోపలికెళ్లి గడియ బిగుసుకుంటుంది. జర్మనీకి చెందిన పాల్ మౌజర్ రూపకల్పనతో 1898లో సైన్యం చేతికొచ్చిన తుపాకీయే నేటి చాలా వేట రైఫిళ్లకు తాత. ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగాల్సిందే. వేగం తక్కువే అయినా గురికీ నమ్మకానికీ పెట్టింది పేరు.

దాన్ని తేలిక చేసే ప్రయత్నాలూ పాతవే. 1952లో వించెస్టర్ సంస్థ తన మోడల్ 70లో ‘ఫెదర్‌వెయిట్’ రకాన్ని తెచ్చింది. గొట్టాన్ని సన్నబరిచి, అడుగున ఉక్కు బదులు అల్యూమినియం భాగాలు వాడింది. ‘ఔట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాలపాటు రాసిన జాక్ ఓకానర్‌కు ఇదంటే ఎంతో ఇష్టం. 1980ల్లో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ భుజానికి ఆనించే చెక్కభాగాన్ని కెవ్లార్, గ్రాఫైట్‌లతో చేసి, రైఫిల్ బరువును రెండుంపావు కిలోల దరిదాపులకు తెచ్చారు.

తేలికైతే తన్నుతుంది

దుకాణంలో చెప్పే బరువు ఒట్టి రైఫిల్‌ది. దాని మీద టెలిస్కోప్, బిగించే కడియాలు, భుజం పట్టీ, నాలుగు తూటాలూ చేరేసరికి ముప్పావు కిలో పెరగడం మామూలే. తేలిక రైఫిల్ కొని పెద్ద టెలిస్కోప్ బిగిస్తే పెట్టిన డబ్బు దండగే.

అసలు చిక్కు మరొకటుంది. తూటా ముందుకెళ్లేటప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. అదే తూటాను 4 కిలోల రైఫిల్ బదులు 3 కిలోల దాంట్లో పేలిస్తే ఆ తన్నుకు ఉండే శక్తి మూడోవంతు పెరుగుతుంది. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటవుతుంది. ఇక గురెక్కడ? పైగా కొండెక్కి ఆయాసపడుతున్నప్పుడు తేలిక గొట్టం గుండె చప్పుడుకి కూడా కదిలిపోతుంది. ట్రిగ్గర్ గట్టిగా ఉంటే మరీ కష్టం. సుమారు కిలోన్నర ఒత్తిడికే కదిలేది నయం.

ఎవరికి ఏది?

చెట్టుమీద మంచె కట్టుకుని కూర్చునేవాళ్లకు తేలిక రైఫిల్‌తో పెద్ద ఉపయోగం లేదు. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో చాలావరకు జింక కనిపించేది 100 గజాల లోపే. అక్కడ మూడున్నర కిలోలదైనా ఒకటే. కొలరాడో, మోంటానా కొండల్లో రోజంతా నడుస్తూ మ్యూల్ జింకల కోసం వెతికేవాళ్లకు మాత్రం ప్రతి వంద గ్రాములూ లెక్కే. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ లైట్ లాంటివి మూడు కిలోలకు కాస్త తక్కువ తూగుతాయి. మధ్యేమార్గం అనుకునేవాళ్లకు ఇలాంటివి చాలు.

రైఫిల్ తేలికైనప్పుడు తూటా కూడా నెమ్మదైనదే ఉండాలి. 1955లో వచ్చిన .243 వించెస్టర్, 1980 నాటి 7ఎంఎం-08, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్... ఇవి జింకకు సరిపోతాయి, భుజాన్నీ ఇబ్బంది పెట్టవు. భారీ మాగ్నమ్ తూటాలతో పనిలేదు. సన్నటి గొట్టం త్వరగా వేడెక్కి గురి కాస్త చెదరొచ్చు. కానీ వేటలో పేల్చేది ఒకటో రెండో తూటాలే కదా! పొట్టి గొట్టం పొదల్లో తిప్పడానికి వీలు. కాకపోతే తూటా వేగం కొంత తగ్గుతుంది, మోత పెరుగుతుంది. కొనేముందు కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికి ఆనించి, కళ్లు తెరవాలి. మెడ సాచకుండా టెలిస్కోప్‌లో పూర్తి బొమ్మ కనిపిస్తే అది ఒంటికి సరిపోయినట్లే.

పళ్లెం పరీక్ష

జింక గుండె, ఊపిరితిత్తులు ఉండేచోటు దాదాపు 8 అంగుళాల పళ్లెమంత. తూటా అక్కడ తగిలితే క్షణాల్లో ప్రాణం పోతుంది. పొట్టలోనో కాలికో తగిలిందా... అది తప్పించుకుపోయి ఏ పొదల్లోనో గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. అందుకే సీజన్‌కు ముందే ఫైరింగ్ రేంజిలో అంత కాగితం పళ్లేన్ని పెట్టి, బల్లమీద ఆనించకుండా కూర్చునీ మోకాళ్లమీదా పేల్చి చూసుకోవాలి. ఎంత దూరం దాకా ఒక్కటీ తప్పదో అదే ఆ మనిషి హద్దు, తూటా ఇంకెంత దూరం వెళ్లగలిగినా సరే. తేలిక రైఫిల్‌తో ఆ దూరం తగ్గిపోతుంటే మరో అరకిలో బరువున్నది తీసుకోవడమే మేలు. ఎందుకంటే, ఆ అరకిలో మోసేది మనిషి. గురి తప్పితే బాధ పడేది మాత్రం జింక!