అల్ ఖర్జ్ వీధుల్లో కెమెరాతో

ఒసాకాలో ఉండే నా ఇంజనీరింగు క్లాస్‌మేటు ఒకడు నెలకోసారి నాకు ఫోటోలు పంపుతూంటాడు. శనివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని, తోచిన స్టేషన్లో రైలు దిగి, సాయంత్రం దాకా ఎటు బుద్ధి పుడితే అటు నడుస్తాడట. సందు చివర నూడుల్స్ కొట్టు, వానలో తడుస్తున్న సైకిళ్లు, గొడుగు కింద ఇద్దరు ముసలమ్మలు. ఫోటోలు బాగుంటాయి. కింద రాసే వాక్యమే ఒళ్లు మండిస్తుంది: "మీ ఎడారిలో నడిచి చూడ్డానికి ఏముందిరా?"

నేనుండేది అల్ ఖర్జ్‌లో. రియాద్‌కి ఆగ్నేయంగా ఎనభై కిలోమీటర్ల దూరం. సౌదీ పేరు చెప్పగానే జెద్దా, దమ్మామ్ అని గుర్తు చేసుకునే మనవాళ్లు కూడా ఈ పేరు విని ఉండరు. కానీ సౌదీలో ఏ బకాలాలో పాల డబ్బా కొన్నా అది ఇక్కడి ఆవులు ఇచ్చినదయ్యే అవకాశం చాలా ఉంది. 1977లో మొదలైన అల్‌మరాయ్ కంపెనీ పాడి క్షేత్రాలు ఇక్కడే ఉన్నాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద సమగ్ర పాడి క్షేత్రంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన అల్ సాఫీ కూడా ఈ ప్రాంతానిదే. నలభై అయిదు డిగ్రీల ఎండలో హోల్‌స్టీన్ ఆవులు నీటి తుంపర్ల కింద పంఖాల గాలికి నిలబడి నెమరు వేస్తూంటాయి. బయట పనిచేసే మనిషికి ఆ వైభోగం లేదు లెండి.

వచ్చిన కొత్తలో మూడేళ్లపాటు నేను ఈ ఊరిని కారు అద్దంలోంచే చూశాను. ఇల్లు, ఆఫీసు, సూపర్‌మార్కెట్టు, మళ్లీ ఇల్లు. ఆ తర్వాత రక్తపరీక్షలో చక్కెర గీత దాటబోతోందని తేలింది. రోజూ అయిదు కిలోమీటర్లు నడవమన్నాడు డాక్టరు. ఉత్తగా నడవాలంటే నాకు మహా విసుగు. విసుగు పోతుందని ఒక పాత కెమెరా, 35 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. వాకింగుకి చెప్పులు కొనాలిగానీ కెమెరా ఎందుకని మా ఆవిడ ఇప్పటికీ అంటూంటుంది.

ఇలాంటి పిచ్చి ఇంజనీర్లకు కొత్త కాదు. మదీనా నగరానికి మొట్టమొదటి ఫోటోలు 1861లో తీసినవాడు ముహమ్మద్ సాదిక్ బే అనే ఈజిప్టు సైనిక ఇంజనీరు. కొలతలు తీసుకోవడానికి వచ్చినవాడు కెమెరా కూడా వెంట తెచ్చుకున్నాడు. మన హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో డ్రాయింగులు గీసిన మనిషే. మా ఒసాకా మిత్రుడికి ఆదర్శమైన దైదో మొరియామా మాత్రం ఇంజనీరు కాదు. జేబులో పట్టే చిన్న కెమెరాతో టోక్యోలోని షింజుకు వీధుల్లో దశాబ్దాల తరబడి తిరిగి, ఆ ఒక్క పేటనే వేల ఫోటోల్లో చూపించాడాయన.

టోక్యోలో తిరిగినట్టు ఇక్కడ తిరగడం కుదరదు. మొదటి అడ్డంకి ఎండ. అక్టోబరు నుంచి మార్చి దాకా హాయిగా నడవొచ్చు. వేసవిలో అయిదింటికే తెల్లారుతుంది, ఏడు దాటితే వెలుతురు తెల్లగా చదునైపోయి మనుషుల ముఖాల్లో కళ్లుండాల్సిన చోట నల్లటి గుంటలు కనిపిస్తాయి. ఇంకో చిక్కు ఇసక రంగు. కెమెరాలోని మీటరు లోకమంతా ఒక మధ్యస్థమైన బూడిద రంగులో ఉందనుకుని లెక్క వేస్తుంది. ఎదురుగా తెల్లని గోడ, తెల్లని తోబ్ వేసుకున్న మనిషి ఉంటే వెలుతురు మరీ ఎక్కువైపోయిందనుకుని తగ్గించేస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే మాసిన బట్టల్లా ఉంటాయి ఫోటోలు. మీటరు మాట వినకుండా ఒక మెట్టు వెలుతురు పెంచాలని తెలుసుకోవడానికి నాకు నాలుగు శుక్రవారాలు పట్టింది. ఒక్క సుఖం ఏమిటంటే ఇక్కడి గాలి పొడి. దమ్మామ్‌లో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు మీద మంచు పట్టినట్టు నీరు పేరుకుంటుంది, ఇక్కడ ఆ బాధ లేదు. బదులుగా దుమ్ముంది. వీధిలో లెన్సు మార్చే సాహసం చేయకండి.

రెండో అడ్డంకి చట్టం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. బహిరంగ ప్రదేశాల్లో ఫోటోలు తీసుకోవచ్చని ఈ దేశంలో అనుమతి వచ్చింది 2006లో. 2007 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం కెమెరా ఫోన్‌ని దుర్వినియోగం చేసి ఇంకొకరి ఆంతరంగిక జీవితంలోకి చొరబడితే ఏడాది దాకా జైలు, అయిదు లక్షల రియాళ్ల దాకా జరిమానా. 2019లో తెచ్చిన బహిరంగ మర్యాదల నియమాల్లో అనుమతి లేకుండా మనుషుల్ని ఫోటో తీయడాన్ని కూడా తప్పుల జాబితాలో చేర్చారు. ఆడవాళ్ల వైపు, ఇళ్ల వాకిళ్ల వైపు కెమెరా తిప్పకూడదు. మా ఊరి దగ్గరే ప్రిన్స్ సుల్తాన్ వైమానిక స్థావరం ఉంది, ఆ దిక్కుకు కెమెరా తీసుకెళ్లను కూడా వెళ్లను. ఇంత జాగ్రత్తపడ్డా ఒకసారి ఇరుక్కున్నాను. ఒక గోడ మీద కాగితప్పూల తీగ విరగబూసి ఉంటే ఫోటో తీశాను. అది ఏదో కార్యాలయం ప్రహరీ అట. కాపలాదారు పిలిచి కుర్చీ వేసి, టీ ఇచ్చి, నలభై నిమిషాలు కూర్చోబెట్టి, ఫోటో చెరిపించి పంపాడు. టీ బాగుంది. చేతులు మాత్రం ఇంటికి వచ్చేదాకా వణుకుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత నుంచి ముందు మాట, తర్వాతే ఫోటో. ఈ పద్ధతి వల్ల ఒక లాభం కలిగింది. అంతకుముందు వీధిలో మనుషులు నాకు ఆకారాలు. ఇప్పుడు పలకరించాల్సి రావడంతో ఎవరు ఎక్కడి వాళ్లో తెలిసింది. శుక్రవారం తెల్లవారుజామున ఊరి నడిబొడ్డు సైహ్‌లో తమీజ్ రొట్టెలు కాల్చే బట్టీ దగ్గర తప్ప ఎక్కడా అలికిడి ఉండదు. అదే సాయంత్రం అదే బజారు కిక్కిరిసిపోతుంది. పొలాల నుంచి, డెయిరీల నుంచి, కట్టడాల నుంచి వారానికి ఒక్కపూట సెలవు దొరికినవాళ్లంతా అక్కడికే వస్తారు. బెంగాలీ, మలయాళం, ఉర్దూ వినిపిస్తూంటాయి. కాసేపు చెవి ఒగ్గితే మన తెలుగూ వినిపిస్తుంది.

ఒక క్షౌరశాల ముందు అలా వినబడిన గొంతు జగిత్యాల వైపు మనిషిది. నా మెడలో కెమెరా చూసి తనే దగ్గరికొచ్చాడు. "సార్, ఒక్క ఫోటో గుంజుర్రి, ఇంటికి తోలాలె" అన్నాడు. సరే, మీ రూము దగ్గరికి పోదామా, అక్కడ వెలుతురు బాగుంటుందేమో అన్నాను. "వద్దు సార్. రూము కనవడద్దు." ఎనిమిది మంది ఉండే గది అది. నాలుగేళ్లుగా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా గోడకు ఆనుకుని, వెనక ఏమీ కనబడకుండా కూర్చుంటాడట. బజారంతా తిరిగి, తాళం వేసిన ఒక కొట్టు ఆకుపచ్చ షట్టరు ముందు నిలబెట్టి తీశాను. కాలరు సర్దుకున్నాడు, నవ్వమంటే మాత్రం నవ్వలేదు. ఫ్రేములో ఏది ఉండాలో ఎంచుకోవడమే ఫోటోగ్రఫీ అని పుస్తకాల్లో చదివాను. ఏది ఉండకూడదో నాకంటే అతనికే బాగా తెలుసు.

ఇంతకీ మా మిత్రుడి ప్రశ్నకు జవాబు, ఈ ఊళ్లో చూడ్డానికి ఏముందన్నది. సైహ్ అంటే అరబ్బీలో నేల మీద పారే నీరు. ఎడారి మధ్య ఊరికి ఆ పేరేమిటని మొదట నవ్వుకున్నాను. ఊరి బయట ఐన్ అల్ దిల్, ఐన్ సమ్‌హా అనే పెద్ద గోతులున్నాయి. కింద రాయి కరిగి, పైకప్పు కూలి ఏర్పడ్డ సహజమైన బావులవి. ఒకప్పుడు వాటి నిండా నీళ్లు. 1918లో ఇటుగా ప్రయాణించిన ఫిల్బీ అనే ఆంగ్లేయుడు వాటి గురించి రాశాడు. 1940లలో అమెరికన్ ఇంజనీర్లు, వ్యవసాయ నిపుణులు వచ్చి ఆ గోతుల్లోంచి పంపులతో నీరు తోడి కాలవల్లోకి మళ్లించి గోధుమ, కూరగాయలు, పశుగ్రాసం పండించారు. రాజుగారి వంటశాలకు కూరలు ఇక్కణ్ణుంచే వెళ్లేవట. ఆ తర్వాతి కథ మీరు ఊహించగలరు. లోతైన బోర్లు, గుండ్రంగా తిరిగే నీటి యంత్రాలు, ఎడారిలో పచ్చటి వలయాలు. 1990ల మొదట్లో సౌదీ ఏడాదికి దాదాపు నలభై లక్షల టన్నుల గోధుమ పండించింది. ఆ నీళ్లన్నీ వేల ఏళ్ల క్రితం వానలు బాగా కురిసిన కాలంలో భూమిలో దిగినవి. తోడినంతగా మళ్లీ ఊరవు. గోధుమ సాగు క్రమంగా ఆపాలని 2008లో, పెద్ద క్షేత్రాల్లో పచ్చి మేత పెంచడం మూడేళ్లలో మానాలని 2015 చివర్లో ప్రభుత్వం నిర్ణయించింది. మరి ఆవులకు మేతో? అల్‌మరాయ్ 2014లో అరిజోనాలో వేల ఎకరాలు కొని అక్కడ పెంచిన అల్ఫాల్ఫా గడ్డిని ఓడల్లో తెప్పించింది. అక్కడా భూగర్భజలం గురించి గొడవై 2023లో ఆ రాష్ట్ర గవర్నరు ఒక లీజును రద్దు చేశారు. ఫీనిక్సులో ఉండే మన కుటుంబాలు పత్రికల్లో చదివే ఉంటారు. మీ బోరు నీళ్లు మా ఇంట్లో పెరుగైన సంగతి నాకూ ఇక్కడ నడిచేదాకా తెలియదు.

ఐన్ అల్ దిల్ దగ్గర ఎన్నిసార్లు తీసినా ఫోటో కుదరలేదు. రాళ్లు, నీడ, అంతే. లోతు ఫోటోలో రాదు. ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన తెలిసిన కొలత ఒకటి ఉండాలి. ఒక చలికాలం పొద్దున్న అక్కడికి ఒక పెద్దాయన వచ్చాడు. తోబ్ మీద గోధుమరంగు కోటు, చేతికర్ర. నాకు వచ్చిన అరకొర అరబ్బీతో సలాం చెప్పి, కెమెరా చూపించి అనుమతి అడిగాను. వెనక నుంచి అయితే తీసుకోమన్నాడు. అంచుకు దూరంగా నిలబడి కర్రతో చూపిస్తూ, చిన్నప్పుడు నేస్తాలతో కలిసి ఆ రాతి మీద నుంచి నీళ్లలోకి దూకేవాళ్లమని చెప్పాడు. కర్ర చూపిన చోట గాలి తప్ప ఏమీ లేదు. ఆ ఫోటో మాత్రం కుదిరింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. మా తాత కపిల తోలి పారించిన బావి నాన్న కాలంలోనే ఎండిపోయింది. ఆయన ఏడు బోర్లు వేశాడు. ఏడోదానికి పెట్టిన అప్పు నా మొదటి రెండేళ్ల గల్ఫు జీతంతో తీరింది. పెళ్లి ఫోటోలు, పిల్లల అన్నప్రాసన ఫోటోలు అల్మరా నిండా ఉన్నాయి గానీ, ఆ బావిలో నీళ్లున్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రోజుల్లో బావిని ఎవరైనా ఫోటో తీస్తారా?

పోయిన వేసవిలో సెలవు పెట్టి వెళ్లినప్పుడు కెమెరా తీసుకెళ్లాను. ఇక్కడ నేర్చుకున్నట్టే తెల్లవారకముందే బయల్దేరి ఊరంతా కాలినడకన తిరిగాను. పుట్టి పెరిగిన ఊరే అయినా సగం దారులు నాకు తెలియవని తేలింది. బావిలో కంప పెరిగిపోయింది. మా పెదనాన్నను ఒడ్డున నిలబెడితే, ఎద్దులు కిందికి దిగుతూ తోలుబానను పైకి లాగే ఏటవాలు దారి ఇదిగో ఇదేనని మోకాళ్ల నొప్పితోనే నాలుగడుగులు దిగి చూపించాడు. దారి ఇంకా ఉంది, రాళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. అదే తీశాను.

తిరిగి వచ్చాక ఐన్ అల్ దిల్ దగ్గర ఆ పెద్దాయన మళ్లీ కనిపించాడు. ఆయన ఫోటో ప్రింటు కవరులో పెట్టి ఇచ్చాను. తర్వాత మా బావి ఫోటో ఫోన్లో చూపించాను, ఏమీ చెప్పలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఏటవాలు దారి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. "సవానీ" అన్నాడు. నజ్ద్ ప్రాంతంలో పశువులు ఇలాగే వాలులో నడుస్తూ బావి నీరు తోడే పద్ధతికి ఇక్కడి పేరు అది. వాళ్ల పొలంలో ఒంటెను కట్టేవాళ్లట. మీరేం కట్టేవాళ్లని అడిగాడు. ఎద్దుకు అరబ్బీ మాట నాకు గుర్తుకు రాలేదు. రెండు చేతులూ తల మీద కొమ్ముల్లా పెట్టి చూపించాను.

దిలమ్ వైపు తోటల్లో అలాంటి పాత బావులు చూపిస్తానన్నాడు. అక్టోబరులో, ఎండ తగ్గాక.