నీటికాసులు: పక్కల నుంచి కమ్ముకునే చీకటి

శుక్లం ముదిరితే చూపు మసకబారుతుంది, మనిషే ఆసుపత్రికి వెళతాడు. గ్లకోమా, అంటే నీటికాసులు, అలా కాదు. ఎక్కువగా కంటిలోని ఒత్తిడి వల్ల చూపునరం మెల్లగా దెబ్బతింటుంది. ముందు పోయేది పక్కచూపు. ఎదుటి అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానమే రాదు. 40 దాటినవారు, ముఖ్యంగా తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బున్నవారు, తప్పక పరీక్ష చేయించుకోవాలి.

మొదట మెట్ల దగ్గర తడబాటు. పళ్లెం పక్కనున్న గ్లాసు చెయ్యి తగిలి ఒలుకుతుంది. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు. (మా బడిపిల్లలనూ ఇలాగే తిడతాం లెండి.) ఎండలోంచి గదిలోకి వస్తే కాసేపు ఏమీ కనబడదు. పక్క నుంచి వచ్చే ఆటో తెలియదు. క్రమంగా స్కూటరు మానేస్తాడు, రాత్రి పెళ్లిళ్లకు రాడు, చివరికి పనికీ ఒకరి చెయ్యి కావాలి. చూపు పూర్తిగా పోకముందే ధైర్యం పోతుంది.

పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలుపుకోవచ్చు. అందుకు చాలామందికి జీవితాంతం రోజూ చుక్కలమందు తప్పదు. నొప్పిలేని జబ్బు, పైగా మందు వేసినా చూపు మెరుగైనట్టు తోచదు. అందుకే పేదింట్లో డబ్బుకు కటకటైతే ముందు ఆగేది ఆ సీసాయే. మన కంటి శిబిరాల్లో అద్దాలకు, ఆపరేషన్లకు ఇచ్చే దాతలు ఒక్కో రోగికి ఏడాది చుక్కలమందు ఖర్చు కూడా భరించగలరేమో ఆలోచించండి.